ముసలిబండి చెప్పని మాట

నేను ఒక తెల్ల కారుని. ఇప్పుడు తెల్లగానూ లేను, కారునీ కాను. బెజవాడ ఆటోనగర్‌లో ఒక పాతసామాన్ల దొడ్డిలో, తలుపులూ చక్రాలూ లేకుండా, ఇటుకల మీద కూచుని ఉన్నాను. నా వెనకసీటులో ఒక కోడి గుడ్లు పొదుగుతోంది. ఇన్నాళ్ళూ నాలో ఎక్కినవాళ్ళందరిలోకీ అదే నయం. త్వరగా పోనీయమనదు.

ఎక్కడో దూరాన ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. నాతోపాటు ఆ రోజు పుట్టినవాళ్ళందరినీ లారీలకెక్కించి తలో ఊరికీ పంపేశారు. మళ్ళీ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు. నన్ను మొదట కొన్నది నూజివీడులో ఒక పశువుల డాక్టరు. కొన్నరోజు బొట్టు పెట్టి హారతిచ్చారు. ఆరేళ్ళకి అమ్మేసిన రోజు ఆయన భార్య నా బానెట్ మీద చెయ్యేసి, “వెళ్ళిరావే తల్లీ” అంది. రేకు కాలుతోందని వెంటనే తీసేసింది. నేను సందు మలుపు తిరక్కముందే లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఆ తర్వాత నన్ను కొన్నావిడ ఇందుమతి గారు, ఆడపిల్లల కాలేజీ ప్రిన్సిపాలు. పెళ్ళి చేసుకోలేదు. ఆవిడకున్నదల్లా ఉయ్యూరులో ఒక అక్క. నన్ను నడపడానికి నాంచారయ్యని పెట్టుకున్నారు. పద్నాలుగేళ్ళు నడిపాడు. నా గేరు ఎక్కడ మొరాయిస్తుందో, నా హారన్‌కి వానాకాలం ఎందుకు గొంతు పూడుతుందో వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పొద్దున్నే తుడుస్తూ నాతో మాట్లాడేవాడు. భార్యతో కూడా అంత మాట్లాడి ఉండడు.

ఈ డ్రైవర్లలో ఒక ఆచారం ఉంది. కల్యాణమండపాల బయట వందల బళ్ళు ఆగుతాయి కదా, అక్కడ ఎవరినీ పేరుపెట్టి పిలవరు. నడిపే బండే మనిషి పేరు. నల్లబండి ఇలా రా, పెద్దబండి టీ తాగావా, అంటారు. కొత్తబళ్ళు గేటు ముందు, పాతవి మురుక్కాలవ పక్కన. లోపల భోజనాలయ్యాక డ్రైవర్లకి విస్తళ్ళు వేస్తే కూచునే వరసా అదే. మా నాంచారయ్య మొదట్లో తెల్లబండి. పోనుపోను ముసలిబండి అయ్యాడు. కూచునే చోటు కూడా జరిగి జరిగి చెయ్యి కడుక్కునే పంపు దగ్గరికొచ్చింది.

“ఏం ముసలిబండీ, ఇవాళ తోసుకొచ్చావా, నడిపించుకొచ్చావా?”

“తోసుకురావడానికి నీలాటోళ్ళని నలుగుర్ని పిలుద్దామనుకున్నాన్రా, ఫోను తగల్లేదు,” అనేవాడు వీడు. అందరూ నవ్వేవాళ్ళు. వీడూ నవ్వేవాడు. తర్వాత నా తలుపు వెయ్యడం మాత్రం గట్టిగా వేసేవాడు.

నాకు దగ్గు మొదలైన మాట నిజమే. మెకానిక్ బాజీ చెవిపెట్టి విని, “ఇంజను గట్టిది. పదిరోజులు నా దగ్గరొదిలెయ్, ఇంకో ఐదేళ్ళు తిరుగుద్ది,” అన్నాడు. ఇంటికెళ్ళి నాంచారయ్య చెప్పింది వేరు. “బాజీ పెదవి విరిచేశాడండి అమ్మగారూ. కొత్తది చూసుకోమన్నాడు.”

“నాలుగు రోజులాగి చూద్దాంలే నాంచారయ్యా. నాకు మాత్రం బాగానే ఉంది,” అన్నారావిడ.

ఆ నాలుగు రోజులు ఏడాదయ్యాయి. వాడికి ఓపిక పోయింది.

చైత్రమాసం. అక్కని చూసి రావాలి, ఉయ్యూరు పోదాం అన్నారు ఇందుమతి గారు. వారం వారం వెళ్ళేదే. బయల్దేరే ముందు వాడు నా బానెట్ ఎత్తి, కాయిలుకెళ్ళే వైరు ఊడీ ఊడనట్టు వదులుచేసి పెట్టాడు. ఎండలో ఒక అరగంట నిలబడితే ఆవిడే కొత్తబండి అంటుందని లెక్క. అనుకున్నట్టే రైలుపట్టాల కుదుపుకి వైరు ఊడింది. గేటు దాటి పొలాల మధ్య ఆగిపోయాను. చుట్టుపక్కల చెట్టు లేదు. ఆటో రాలేదు.

వాడు బానెట్ ఎత్తి, ఆ వైరు చేత్తో పట్టుకునే నా పొట్టంతా వెతికాడు. అప్పుడు ఆవిడకి ఫోను వచ్చింది. మాట్లాడి, కొంగు నెత్తిన కప్పుకుని ముందుకొచ్చారు.

“నాంచారయ్యా, అక్కకి ఊపిరి ఎగదన్నుతోందట. నన్నే అడుగుతోందట. త్వరగా చూడు నాయనా.”

వైరు తగిలిస్తే అయిపోయేది, క్షణం పని. వాడు తగిలించబోయాడు కూడా. కానీ ఫోను వచ్చీ రాగానే బండి బాగైతే అనుమానం వస్తుందనుకున్నాడు. అందుకని ఇంకో పావుగంట నా పొట్టలో ఊరికే చేతులు తిప్పాడు. ఆవిడ రోడ్డు మీద అటూ ఇటూ నడుస్తూ, ఫోనులో “వస్తున్నానని చెప్పండి, వినపడుతుందా తనకి, చెవి దగ్గర పెట్టండి” అంటూనే ఉన్నారు. నాకు హారన్ ఉంది గాని నోరు లేదు.

మేం వెళ్ళేసరికి తలవైపు దీపం పెట్టేశారు.

దినకర్మ అయ్యాక ఆవిడ వరండాలో కూచుని వాణ్ణి పిలిచారు. “నువ్వే చెప్పు. నాకంటే దీన్నెక్కువ ఎరిగినవాడివి. బాగు చేయిద్దామా, మార్చేద్దామా?”

వాడు నా వైపు చూశాడు. బాజీ మాట ఇప్పుడైనా చెబుతాడనుకున్నాను.

“మార్చేద్దామండి. ఇది చచ్చిన గుర్రం.”

వేసవి వెళ్ళాక ఎర్రటి కొత్తబండి ముంగిట్లోకి వచ్చింది. నాంచారయ్య తెల్లవారకముందే తలంటుకుని, ఇస్త్రీచొక్కా వేసుకుని వచ్చాడు. మండపం దగ్గర ఎర్రబండి అని పిలిపించుకోవడానికి వాడి చెవులు తహతహలాడుతున్నాయి. పూజారి గుమ్మడికాయ కొట్టించాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు నాంచారయ్యే పెట్టాడు. చేతులు తుడుచుకుని, తలుపు తెరిచి, కుడికాలు లోపల పెట్టబోయాడు.

“కాస్త జరుగు నాంచారయ్యా,” అన్నారు ఇందుమతి గారు.

తాళంచెవి ఆవిడ చేతిలో ఉంది. రెండునెలలుగా పొద్దున్నే ఆవిడ వెళ్తున్నది వాహ్యాళికి కాదు, డ్రైవింగ్ నేర్చుకోవడానికి.

“ఆ రోజు రైలుగేటు దగ్గర ఎండలో నిలబడ్డప్పుడే అనుకున్నాను, ఇంకెప్పుడూ ఇంకొకరి చేతుల మీద ఆధారపడకూడదని. నీ తప్పేం లేదు. పాపం, నువ్వెంత అవస్థపడ్డావో నేను చూశానుగా.”

వాడు నోరు తెరిచాడు. నిజం చెబితే ఏమవుతుందో తెలుసు, చెప్పకపోతే ఏమవుతుందో కళ్ళముందే ఉంది. నోరు మూసుకున్నాడు. నాలుగు నిమ్మకాయలూ చితికాయి. ఎర్రబండి గేటు దాటి వెళ్ళింది.

నన్ను దొడ్డికి చేర్చడం వాడి చివరి పని. ఆ రోజు తాళం తిప్పగానే, ఒక్క దగ్గు లేకుండా లేచాను. పగబట్టి కాదు. నేను ఎప్పుడూ అంతే, ఆ చేతులకి అలవాటుపడ్డదాన్ని. “ఇవాళేంటే ఇంత బాగా నడుస్తున్నావు,” అని గొణిగాడు. గేరు మీద చెయ్యి దారిపొడుగునా తీయలేదు.

దొడ్డి యజమాని నా శబ్దం విని బీడీ పక్కన పెట్టాడు.

“ఇంజను గంటలా ఉందే. దీన్ని నరకమని ఎవడు చెప్పాడయ్యా?”

నాంచారయ్య కళ్ళు నేలలో పెట్టాడు. “డ్రైవరు చెప్పాడంట.”

“వాడికేం, రేపు కొత్తబండిలో ఊరేగుతాడు. నాశనమయ్యేది ఇదే,” అని నా బానెట్ మీద ఒక్కటి చరిచి, “ఇంతకీ నువ్వు ఏ బండివి?” అన్నాడు.

నాంచారయ్య తాళంచెవి యజమాని చేతిలో పెట్టి నడిచి వెళ్ళిపోయాడు. వెనక అద్దం ఇంకా ఊడదీయలేదు కాబట్టి మలుపు దాకా చూశాను. ఒక్కసారీ తిరగలేదు.

ముందుసీటులో వాడు కూచున్న గుంట ఇంకా అలాగే ఉంది. కోడి మొదట అక్కడే కూచోబోయింది. ఎందుకో దానికి కుదర్లేదు, వెనక్కి వెళ్ళింది.