వెలుగుకి ఎదురుగా వేసిన చాప

సాయంత్రం ఊళ్ళో శంఖం ఊదగానే మలేయా ఇంట్లో అందరూ చాపల మీద చేరేవారు. గోడల్లేని ఇల్లు, చుట్టూ స్తంభాలే. ప్రార్థన ముగిసేదాకా దారిలో ఎవరూ నడవకూడదు. మనవరాలు ఫువాతినో నోట్లో పళ్ళతో కరిచి పట్టుకునే ఆ దీపపు పలక పెట్టుకోవడానికి మలేయా ఏరి కోరి ఆ వేళనే ఎంచింది. రోజూ పది నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, ఆ పిల్ల కాలు నిలిచేది దేవుడి ముందు మాత్రమే.

రెండు నెలలకోసారి అపియా పట్నంలో విమానం దిగే పళ్ళ డాక్టరమ్మ ఇచ్చింది దాన్ని. పళ్ళకి తీగ కట్టి, "ఈ ఎర్ర వెలుగు చిగుళ్ళ మీద పడుతుంటే పళ్ళు తొందరగా జరుగుతాయి, రెండేళ్ళ పని ఏడాదిలో అవుతుంది," అంది. ఫువాతినోకి పదిహేడేళ్ళు. చర్చి పాటల బృందంలో అంత గొంతు ఇంకొకరికి లేదు గానీ, పళ్ళు ఒకదాని మీదికొకటి ఎక్కి ఉంటాయని వెనక వరసలో నిలబడి పాడేది.

వెలుగు పళ్ళతో ఆగలేదు. వారం తిరిగేసరికి చూరుకి వేలాడే అరటిగెల పండింది. బుట్టలో పొదగేసిన గుడ్లు తొమ్మిదో రోజుకే పిల్లలయ్యాయి. ఎవరూ వింతపడలేదు. ఎండలో పెడితే కొబ్బరి ఎండదా, ఇదీ అంతే. పక్కింటి తవిత పచ్చి బొప్పాయిలు తెచ్చి ఆ పిల్ల ముందు వరసగా పెట్టి పోయేది.

"మా ఆయన్ని కూడా ఓ పది నిమిషాలు కూర్చోబెట్టుకో పిల్లా. యాభై దాటినా బుద్ధి ముదరలేదు," అనేది.

"ఆయనకి పది నిమిషాలేం సరిపోతాయి అత్తా," అనేది ఫువాతినో పలక తీసి.

ఒక శనివారం మలేయా ఆ బొప్పాయి ఒకటి కోసింది. పైన బంగారు రంగు. లోపల గింజలు తెల్లగా, నీళ్ళ బొట్లలా ఉన్నాయి. ఆమె లేచి వెళ్ళి కోడిపిల్లని పట్టి చూసింది. ఒంటినిండా ఈకలే, కళ్ళు మాత్రం తెరుచుకోలేదు.

అప్పుడు మనవడి భార్య సియేని వైపు చూసింది. సియేనికి ఐదో నెల. పొట్ట ఎనిమిదో నెలలా ఉంది. ఇదివరకు ఇద్దరు బిడ్డల్ని నెలలు నిండకుండానే పోగొట్టుకుంది.

"ప్రార్థనలో ఎక్కడ కూర్చుంటున్నావే?"

"ఫువాతినో పక్కనే నానమ్మా. వీడికి తొందర ఎక్కువలా ఉంది, ఊరికే తన్నుతున్నాడు," అని సియేని నవ్వింది.

ఆ సాయంత్రం మలేయా పలక తీసి పెట్టెలో పెట్టేసింది. కానీ ఫువాతినో కీర్తన ఎత్తుకోగానే ఆమె పళ్ళ సందుల్లోంచి అదే ఎర్ర వెలుగు వచ్చి సియేని ఒడిలో పడింది. ఆ పిల్ల మొహం పెరటి వైపు తిప్పించారు. వెలుగు నీళ్ళలా మలుపు తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చింది. అది అన్నిటికన్నా దగ్గర్లో ఉన్న ప్రాణాన్ని వెతుక్కునేది.

"చెల్లి నోరు మూసుకుంటే సరి," అన్నాడు సియేని భర్త ఇయోసే.

"బిడ్డ పుట్టేదాకా పాడను నానమ్మా," అంది ఫువాతినో.

"దేవుడిచ్చిన గొంతు. నేను బతికుండగా ఆయన ముందు ఎవరి నోరూ మూయించను," అంది మలేయా.

"పోనీ, సియేనిని పక్క దీవిలో వాళ్ళమ్మ దగ్గరికి పంపిద్దామా?" అన్నాడు ఇయోసే.

"పడవ కుదుపుల్లోనా? కదలనివ్వొద్దని ఆసుపత్రి డాక్టరు చెప్పిన మాట అప్పుడే మరిచిపోయావా?"

మలేయా తన మొగలి చాప తెచ్చి ఫువాతినోకి ఎదురుగా పరిచింది, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా. "నన్ను చూస్తూ పాడు. నాలో పచ్చిదేం మిగిలింది? ముదిరినదాన్ని ఎంతని ముదరబెడుతుంది?"

వెలుగు ఆమెను పట్టుకుంది, ఆ తర్వాత ఎంత దూరమైనా వదల్లేదు. సియేని పొట్ట పెరగడం ఆగింది, నెలలే మెల్లిగా వచ్చి దాన్ని అందుకున్నాయి. మలేయా ముదరలేదు. జరిగింది. ఎముకలో పన్ను జరిగినట్టే, ఎవరూ తొయ్యకుండా, రోజుకి అంగుళం చొప్పున చాపతో సహా ఇంటి ముందున్న భర్త సమాధి వైపు జరిగింది. వెనక్కి లాగితే చాప పీచు తెగేది తప్ప ఆమె కదిలేది కాదు. మూడో నెలకి ఆఖరి స్తంభం దాటింది. వాన పడితే ఇయోసే గొడుగు పట్టుకు నిలబడేవాడు. దూరమవుతున్న నానమ్మకి వినబడాలని ఫువాతినో ఇంకా గొంతెత్తి పాడేది.

తొమ్మిది నెలలు నిండాక సియేని మగపిల్లాణ్ణి కన్నది. ఆసుపత్రి నుంచి వస్తూనే తీసుకెళ్ళి మలేయా చేతుల్లో పెట్టింది. ఆమె వాడి చిగుళ్ళ మీద వేలు పెట్టి చూసింది, కనురెప్పలు ఎత్తి చూసింది.

"అన్నీ వాటి వేళకే వచ్చాయి," అంది.

అప్పటికి చాప అంచు సమాధిని తాకుతోంది. ఆ సాయంత్రం కీర్తన మూడో చరణంలో ఆమె తల వాల్చేసింది. భర్త పక్కనే పెట్టి, మీద సిమెంటు పోశారు.

మర్నాడు ప్రార్థనకి అందరూ కూర్చున్నారు. బిడ్డ సియేని ఒడిలో ఉన్నాడు, ఫువాతినోకి మూరెడు దూరంలో. ఆమె పెదవులు బిగించింది. "నానమ్మ మాట ఉంది కదే, పాడు," అంది సియేని, రెండు చేతులతో బిడ్డని కప్పుకుంటూ.

ఫువాతినో నోరు తెరిచింది. వెలుగు బిడ్డని దాటి, స్తంభాలు దాటి, కొత్త సమాధి మీద పడింది. తడి సిమెంటు చూస్తుండగానే ఆరి తెల్లబడింది.

తెల్లవారాక ఇయోసే టేపు పెట్టి కొలిచాడు. సమాధి సముద్రం వైపు అంగుళం జరిగి ఉంది. అక్కడి నుంచి నీళ్ళకి నాలుగు వందల అడుగులు. బిడ్డ ఎదిగేదాకా అవి చాలాలి.