సువర్ణ ఎడమ కన్ను

చిన్న కథే ఇది. తండాలో మేకలు కాసే తిరుపతి చుట్ట అంటించి ఆర్పేలోపు అయిపోతుంది. తిరుపతికి రెండు కళ్లూ బాగానే ఉన్నాయి, అయినా తన మేకలు ఎవరి చేలో పడ్డాయో ఏనాడూ కనబడలేదు. సువర్ణకు చలికాలమంతా ఒక్క కన్నే, అయినా తండాలో ఏ ఇంట్లో కోడిని కోశారో ముందు ఆమెకే తెలిసేది.

దీపావళి వెళ్లగానే రాణి తుమ్మెద వచ్చి ఆమె ఎడమ రెప్ప కింద పడుకునేది. ఉగాదికి లేచి పోయేది. అందాకా సువర్ణ ఆ కంటికి గుడ్డ కట్టుకొని మిరపకాయలు ఏరేది, వంట చేసేది, మొగుడు జైరాంతో పోట్లాడేది.

అంతకుముందు తుమ్మెదలు ఆమె అత్త జమ్లి కంట్లో పడుకునేవి. ఓ చలికాలం కంటి క్యాంపు డాక్టరు, వద్దంటున్నా రెప్ప ఎత్తి బ్యాటరీ లైటు కొట్టాడు. తుమ్మెద లోపలే చచ్చింది. దాంతోపాటే కన్నూ పోయింది.

2006 జనవరిలో రేషన్ కార్డులకు కళ్ల ఫోటోలు తీయడానికి బోనకల్ నుంచి నాగచైతన్య కెమెరాతో వచ్చాడు. ఫోటో లేకపోతే కార్డులో పేరుండదు, పేరు లేకపోతే బియ్యం రావు. ఆ మాట విన్నప్పటి నుంచి సువర్ణకు అన్నం దిగలేదు.

"రెండు కళ్లూ తెరవమ్మా," అన్నాడు నాగచైతన్య.

"ఒక్క కన్నుతోటి కాదా సారూ? లోపల తుమ్మెద పండింది."

"తెలుసమ్మా, అందరూ చెప్పారు. మిషన్ ఒప్పుకోదు."

"జల్దీ తెరువక్కా," అంది వెనక నిలబడ్డ భాను. "పొయ్యి మీద పప్పు పెట్టొచ్చిన."

"నీ కంట్ల పండితె తెలుస్తది," అంది సువర్ణ. రెప్ప కింద తుమ్మెద ఒక కాలు కదిపింది.

జమ్లి కోడలి చెయ్యి పట్టుకుంది. "భయపడకు బిడ్డా. నా కన్ను పోయిననాడు నొప్పి గిట్ల రాలే. లోపల చల్లగ అయింది, గంతే."

ధైర్యం చెబుదామనే అంది. సువర్ణ కంటి గుడ్డ ముడి ఇంకా బిగించింది.

నాగచైతన్య ఎడమ కన్ను మూసి, కుడి కన్ను కెమెరాకు ఆనించాడు. సువర్ణ గుడ్డ విప్పి, రెప్ప తెరిచింది. లైటు పడింది.

తుమ్మెద చావలేదు. లేచి, దగ్గర్లో ఉన్న చీకట్లోకి పోయింది. ఆ చీకటి నాగచైతన్య ఎడమ రెప్ప కింద ఉంది.

సువర్ణ పేరు కార్డులో ఎక్కింది. కళ్లు రెండూ బాగున్నాయి. నాగచైతన్య ఆ ఉద్యోగానికి మళ్లీ పోలేదు. చలికాలం వస్తే బోనకల్‌లో వాళ్ల నాన్న ఎరువుల కొట్టులో, వెనక గదిలో, తలుపు వేసుకొని కూర్చుంటాడు.