దుప్పటి కింద చెప్పిన మాట

మా పిన్ని చేసే పనేమిటో మా ఇంట్లో ఎవరూ పైకి చెప్పరు. ఎవరైనా అడిగితే అమ్మ "ఏవో సర్వేలు చేస్తుందిలే" అని మాట మార్చేస్తుంది. నిజానికి పిన్ని మానవ హక్కుల సంస్థలో పరిశోధకురాలు. ఎక్కడైనా ఒక మనిషి మాయమైతే, ఒక ఇల్లు తగలబడితే, అక్కడికి వెళ్లి చూసినవాళ్లతో మాట్లాడుతుంది. అడిగినదాన్నే కాసేపయ్యాక ఇంకో రకంగా అడుగుతుంది. "నువ్వు కళ్లారా చూశావా, ఎవరైనా చెబితే విన్నావా?" అన్న ప్రశ్న ఆమె నాలుక చివరే ఉంటుంది. అందుకే అమ్మమ్మకు ఆమెతో కబుర్లు చెప్పాలంటే మహా విసుగు.

కాల్పులు మా ఊరి దాకా వచ్చి బడి మూసేశాక నన్ను పట్నంలో పిన్ని దగ్గరకు పంపారు. మొదటి అంతస్తులో ఒకటే గది. వీధివైపు కిటికీకి పగలు కూడా కర్టెన్ వేసే ఉంటుంది. మెట్ల మీద అడుగుల చప్పుడైతే పిన్ని మాట్లాడుతున్న మాట మధ్యలో ఆపేస్తుంది. చప్పుడు పై అంతస్తుకు వెళ్లిపోయాక ఆపిన చోట నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. కొన్నాళ్లకు ఆ అలవాటు నాకూ అంటుకుంది. అన్నం కలుపుతూ చెయ్యి ఆపి వినేదాన్ని.

సాక్షి గొంతును బయటకు పంపకూడదన్నది వాళ్ల సంస్థలో నియమం. పేరు మార్చవచ్చు, ఊరు మార్చవచ్చు, కానీ గొంతు వింటే తెలిసినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. అందుకని సాక్షి చెప్పింది పొల్లుపోకుండా రాసుకుని, ఇంకొకరి చేత చెప్పించి రికార్డు చేస్తారు. ఆ పని చేసే ఆవిడ కాన్పుకు పుట్టింటికి వెళ్లిపోయింది. పిన్ని చూపు నా మీద పడింది.

నా వల్ల కాదన్నాను.

"నీకంటే మంచిమనిషి ఎక్కడ దొరుకుతుందే? నీ గొంతు విన్నవాళ్లు ఎవరున్నారని? బడిలో హాజరు పిలిస్తే కూడా పలక్కుండా చెయ్యెత్తే పిల్లవి" అని నవ్వింది.

ఫ్యాను ఆపి, బయటి చప్పుడు పడకుండా నా నెత్తి మీద నుంచి దుప్పటి కప్పి, ఫోను చేతికిచ్చింది. చెప్పాల్సింది అందులోనే రాసి ఉంది, కుట్టుపని చేసుకునే ఒకామె మాటలు. ఆమె కొడుకు మోటారు వేయడానికి పొలం వెళ్తే, యూనిఫాంలో వచ్చినవాళ్లు జీపు ఎక్కించుకుపోయారు. ఆమె వాళ్ల క్యాంపు గేటు దగ్గరకు వెళ్లి అడిగింది. అలాంటివాడెవడూ ఇక్కడ లేడన్నారు. కానీ గేటు పక్కన వాడి చెప్పులు ఆమెకు కనిపించాయి. చివరికి ఆమె అన్న మాట ఇది: "బతికుంటే చూపించండి. లేకపోతే ఎక్కడ పెట్టారో చెప్పండి."

దుప్పటి కింద చీకటిగా ఉంది. నన్ను చూసేవాళ్లు లేరు. నాలోంచి నాకే తెలియని గొంతు వచ్చింది, బరువుగా, నెమ్మదిగా, పిల్లల్ని కన్న ఆడమనిషి గొంతులా. దుప్పటి తీసేసరికి పిన్ని కళ్లు తుడుచుకుంటోంది.

ఆ మాటలు రేడియోలో వచ్చాయి. గోడ అవతలివాళ్ల రేడియోలో నా గొంతు నాకే వినిపించింది. కిరాణా కొట్లో, బస్టాండులో అందరూ ఆ తల్లి గురించే మాట్లాడుకున్నారు. విచారణ జరిపించాలని పెద్దవాళ్లు కూడా అడగడం మొదలుపెట్టారు. కుట్టుపని ఆమె మీదకు అనుమానం పోలేదని కబురు రాగానే పిన్ని ఊపిరి పీల్చుకుంది. ఆమెను దాచడం గురించి అందరూ ఆలోచించారు. ఆ గొంతు వెనక కూడా ఒక మనిషి ఉందని మా ఇద్దరికీ తట్టలేదు.

వారం తిరక్కుండా పిన్ని ఇంకో ఊరికి బయలుదేరింది. గదిలో ఒంటరిగా ఉండలేనని నేనూ వెంటపడ్డాను. వ్యానులో నా పక్కన కూరగాయలమ్మే ఆమె కూర్చుంది. ఆమె వంకాయల గంప నా పాదం మీద ఉంది. చాలాసేపు ఓర్చుకుని, "అత్తా, గంప కొంచెం జరుపుతారా" అన్నాను. "ఇందాకటి నుంచి చెప్పవేం తల్లీ, కాలు నీదేగా" అంటూ జరిపింది.

వంతెన దగ్గర వ్యాను ఆపారు. మగవాళ్లను ఒకవైపు నిలబెట్టి, ఆడవాళ్లను రేకుల షెడ్డు ముందు వరసగా నిలబడమన్నారు. ఒక అధికారి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సంచులు వెతకలేదు. ఫోను తీసి ఏదో నొక్కాడు.

"బతికుంటే చూపించండి. లేకపోతే ఎక్కడ పెట్టారో చెప్పండి."

నా గొంతే. పిన్ని చెయ్యి నా మణికట్టును పట్టుకుంది.

ఈ మాటే ఒక్కొక్కరూ చెప్పాలన్నాడు. ఒకావిడ వణుకుతూ చెప్పింది. ఇంకొకామె ఏడ్చేసింది. పిన్ని తడబడకుండా చెప్పింది. నా వంతు రాగానే నేను నోరు తెరవకముందే, "ఇది మా అక్క కూతురు సార్. మూగది" అంది.

కూరగాయల ఆమె తల తిప్పి నావైపు చూసింది. ఒక్క మాట అంటే చాలు, మా పని అయిపోయేది. ఆమె చూపు తిప్పుకుంది. తన వంతు రాగానే ఆ వాక్యం చెప్పింది. ఎండలో అరిచి అరిచి బొంగురుపోయిన, బరువైన గొంతు. అధికారి మళ్లీ చెప్పమన్నాడు. మూడోసారి కూడా చెప్పించుకుని, షెడ్డు లోపలికి నడవమన్నాడు.

ఆమె కదల్లేదు. "బాబూ, నేను పొద్దున్నే తోటకెళ్లి కాయలు కోసుకొచ్చాను. నాకు రేడియోనే లేదు" అంది. ఒకడు ఆమె భుజం పట్టుకున్నాడు. ఆమె మళ్లీ నావైపు చూసింది. అడగలేదు, చూసిందంతే.

"నేను కూడా చెబుతాను" అన్నాను.

పిన్ని గోళ్లు నా మణికట్టులో దిగాయి. అందరూ నన్నే చూస్తున్నారు. బడిలో లేచి నిలబడమన్నప్పుడు ఏమవుతుందో అదే అయింది. గొంతు సన్నగా, కీచుగా పోయింది. సగం మాటలు మింగేశాను. "చూపించండి" దగ్గర ఊపిరి అందక ఆగి, మళ్లీ మొదటికి వచ్చాను. కావాలని చేసింది కాదు. నలుగురి ముందు నాకు ఉన్న గొంతు అదే.

ఎవరో కిసుక్కుమన్నారు. అధికారి మాత్రం నవ్వలేదు. మూగదన్నావుగా అని పిన్నిని నిలదీశాడు.

"నలుగురిలో నోరు పెగలదు సార్. మూగదానితో సమానమే. మీరే విన్నారుగా" అంది పిన్ని.

మా ఇద్దరి చేతా, కూరగాయల ఆమె చేతా మళ్లీ చెప్పించి తన ఫోనులో రికార్డు చేసుకున్నాడు. మా గుర్తింపు కార్డులకు, ముఖాలకు ఫోటోలు తీసుకున్నాడు. పైవాళ్లకు పంపిస్తానని, అవసరమైతే ఇంటికే వస్తామని చెప్పి వ్యాను ఎక్కమన్నాడు.

కూరగాయల ఆమె గంప ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వంతెన దాటాక, నాకు మాత్రమే వినపడేలా అంది.

"మా ఇంట్లో చిన్నపిల్లలున్నారమ్మా. ఇంకెప్పుడూ నా పక్కన కూర్చోకు."

మేం ఆ ఊరికి వెళ్లలేదు. మధ్యలో దిగి వేరే బండిలో తిరిగొచ్చాం. గదికి రాగానే పిన్ని నా బట్టలు సంచిలో కుక్కడం మొదలుపెట్టింది. నన్ను ఇంకెక్కడికైనా పంపాలి, కానీ ఎక్కడికో ఆమెకే తెలియదు. "నీ గురించి ఆలోచించలేదే" అని మాత్రం అంది. నేను సరేనన్నట్టు తలూపాను. మాట్లాడాలంటే భయంగా ఉంది.

అప్పుడు అమ్మ ఫోను చేసింది. పిన్ని ఎత్తింది. అమ్మది పెద్ద గొంతు, నాకు స్పష్టంగా వినిపిస్తోంది. నేనేం చేస్తున్నానని అడిగింది. పడుకుందని చెప్పింది పిన్ని.

"లేపవే. ఒక్కసారి మాట్లాడించు. మొన్న రేడియోలో విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నా బిడ్డ గొంతు నేను..."

పిన్ని ఫోను కట్ చేసింది. మా ఫోన్లు చాటుగా వింటారని ఆమె ఎప్పుడూ చెబుతూ ఉంటుంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఈలోగా ఫోను మళ్లీ మోగింది. పిన్ని ఎత్తలేదు, ఆపలేదు. మేం ఎత్తేదాకా అమ్మ చేస్తూనే ఉంటుంది, మా ఇద్దరికీ తెలుసు.