సగంలో ఆగిన ప్రకటన

ఆ ముసలాయన్ని గ్రంథాలయం వరండాలోంచి లాగి పడేసింది నేనే. ఈ చేతులతోనే. అక్కడ పద్దెనిమిదేళ్ళు అటెండరుగా పనిచేశాను. కార్మికులూ విద్యార్థులూ ఇంతమంది వింటున్నారు కాబట్టి ముందు నా తప్పు ఒప్పుకుని, తర్వాత మిగతాది చెబుతాను.

ఆయన్ని అందరూ అచ్చు తాత అనేవారు. అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చి పేర్చి ఒళ్ళు గుల్ల చేసుకున్న మనిషి. రోజూ మధ్యాహ్నం వీధులూడ్చే ఆడవాళ్ళు పని దిగి మా వరండాలో చేరేవారు. తాత పేపరును వాళ్ళ వైపు తిప్పి నేల మీద పరిచి, తను అవతల కూర్చునేవాడు. బతుకంతా అక్షరాన్ని తలకిందులుగా చూసినవాడికి అలా చదవడం మంచినీళ్ళ ప్రాయం. ఒక్కో మాట కింద వేలు జరుపుతూ పైకి చదివేవాడు.

"ఎందుకు తాతా ఈ తిప్పలు? నీ వైపు తిప్పుకోరాదా?" అని ఆటపట్టించేవాణ్ణి.

"వార్త వాళ్ళదిరా. పేపరు వాళ్ళ వైపే ఉండాలి."

కొత్త అధికారి రాగానే 'నిశ్శబ్దం' బోర్డు వరండాకు కూడా ఎక్కింది. ఆ రోజు తాత చదువుతున్నది సర్కారు ప్రకటన. ఊడ్చేవాళ్ళ పేటను ఖాళీ చేయిస్తారట. అభ్యంతరాలున్నవాళ్ళు తాసీల్దారు కచేరీలో ఫలానా తేదీలోగా... అక్కడికి వచ్చేసరికి అధికారి బయటికొచ్చాడు.

"చదువు రానివాళ్ళకి లైబ్రరీలో ఏం పని? ముందు ఆ ముసలాణ్ణి దించెయ్!"

ఉద్యోగం పోతుందని భయం. తాత రెక్క పట్టుకున్నాను.

"ఒక్క వాక్యంరా. ఒక్కటే ఉంది," అన్నాడు తాత.

లాగాను. మూడో మెట్టు మీద పడి తుంటి విరిగింది. ఎనిమిదో రోజున ఆసుపత్రిలో పోయాడు.

తాతను సాగనంపి వచ్చి పేటంతా ఒకచోట కూర్చుంది. నేనూ వెళ్ళి మూల నిలబడ్డాను. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"గడువెప్పటికో చదవకుండానే పోయాడు," అంది వాళ్ళందరికీ పెద్ద దిక్కైన పెద్దక్క.

"చదువుకున్నోళ్ళెవర్నైనా బతిమాలుకుందాం అక్కా," అంది ఆమె తోటికోడలు. "మన మొహాలకి చదువొకటా?"

"ఈ పూటంటే బతిమాలతాం. రేపో? ఆయన చదివిన వరండాలోనే కూర్చుని చదివి చూస్తా. వస్తే వస్తుంది, రాకపోతే నవ్వుదురుగానీ."

మర్నాడు మధ్యాహ్నం నలభై మంది చీపుళ్ళతో వచ్చారు. ఆనాటి పేపరు బీరువాలో ఉంది, తాళం నా దగ్గరుంది. తీసుకొచ్చి వాళ్ళ వైపు తిప్పి పరిచాను. పద్దెనిమిదేళ్ళలో నేను చేసిన మంచి పని అదొక్కటే.

పెద్దక్క వేలు పెట్టింది. "అ... భ్యం... తరాలు." కూడబలుక్కుంటూ చదివింది. చదవగలుగుతున్నానని తెలిసి ముందు ఆమే బెదిరిపోయింది. ఆరేళ్ళుగా తాత వేలి వెంట చూస్తూ కూడా, తమకు చదువు రాదనే అనుకుంటూ వచ్చారు వాళ్ళు.

"లాగెయ్ దాన్ని!" అధికారి అరిచాడు.

"నా వల్ల కాదండి. ఒకసారి లాగాను, చాలు."

అధికారి ఫోను చేశాడు. పెద్దక్క ఇంకా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుండగానే పోలీసులొచ్చి ఆమె రెక్క పట్టుకున్నారు.

"ఒక్క వాక్యం ఉందయ్యా," అంది.

అదే మాట. ఆమెను వ్యానెక్కించారు, వెనకే నన్నూ. తోటికోడలు వంగి వేలు పెట్టింది. "ఈ నెల... ఇరవై..." ఆమెనూ లాక్కొచ్చారు. ఆ వేలు లేచిన చోట బోసినోటి అవ్వ వేలు ఆనింది. వ్యాను చువ్వల్లోంచి ఆ గొంతు విన్నాం.

"ఇరవై... మూడు. సాయంత్రం... ఐదు గంటల... లోగా."

ఆ రోజే ఇరవై మూడు. గంట మూడున్నర దాటింది. మిగిలిన ముప్ఫై ఎనిమిది మందీ చీపుళ్ళు భుజాన వేసుకుని కచేరీ దారి పట్టారు.

"తాత వినలేదే," అని పెద్దక్క వ్యానులో భోరుమంది.

వీధి మలుపులో వ్యాను వాళ్ళను దాటింది. అవ్వ ముందు నడుస్తూ కనపడ్డ ప్రతి దుకాణం బోర్డునూ వేలెత్తి పైకి చదువుతోంది. వెనక వాళ్ళంతా అందుకుంటున్నారు.