పదకొండు మందిలో మా ఆడపడుచు

మా ఆడపడుచు దేన్నైనా పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. స్వభావం గురించి కాదు, నిజంగా చేతి గురించే చెబుతున్నాను. కుళాయి తిప్పితే వేళ్లు కుళాయికే బిగుసుకుపోతాయి. కత్తెర పడితే కత్తెరకే. ముందుగదిలో మిషను వేసుకుని బట్టలు కుట్టే మనిషికి ఇంతకంటే చిక్కు జబ్బు మరొకటి ఉండదు.

లక్షల్లో ఏ ఒక్కరికో వస్తుందట. కొత్త మాత్ర ఒకటుంది, పనిచేస్తుందో లేదో తేలాలి. మామూలుగా అయితే కొన్ని వందల మందికి మందు, మరికొన్ని వందల మందికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి పోల్చి చూస్తారు. ఆసుపత్రివాళ్లు ఎంత గాలించినా దొరికింది పదకొండు మంది. అందుకని ఎవరికి వాళ్లే పోలిక: కొన్ని వారాలు మందు, కొన్ని వారాలు అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర. ఏ వారం ఏదన్నది డాక్టరుకీ తెలియదు, మాకూ తెలియదు. రోజూ సాయంత్రం వాళ్లు ఫోన్ చేస్తే, ఆ రోజు చేతులతో ఎంత ఇబ్బంది పడిందో పదికి మార్కులు చెప్పాలి. ఇబ్బంది ఎక్కువైతే మార్కులూ ఎక్కువ. వారాల మధ్య తేడా కనిపిస్తే మందు కొనసాగుతుంది. లేకపోతే ఆపేస్తారు. ఆపేస్తే మిషను అమ్మేస్తానని మా ఆడపడుచు ముందే తేల్చేసింది.

సరిగ్గా అప్పుడే మా ఆయన మారిపోయారు. తాగిన గ్లాసు తాగిన చోటే వదిలే మనిషి, కొన్ని వారాలు పొద్దున్నే లేచి సీసాల మూతలు తీసేవారు, చెల్లెలి బదులు గుడ్డ కత్తిరించేవారు. ఆ తర్వాత మళ్లీ పేపరు, మళ్లీ కుర్చీ. వయసు తెచ్చిన మార్పేమో, దొరికినన్నాళ్లు దక్కనీ అని నేను నోరు మెదపలేదు.

ఒకరోజు ఆసుపత్రిలో ఈ మార్కుల లెక్కలు చూసే ఆవిడ ఇంటికొచ్చింది. మిగతా పదిమంది మార్కులు ఎగుడుదిగుడుగా ఉంటే మావి బల్లపరుపుగా ఉన్నాయట. ఇంట్లో పనులు మీరే చేసుకుంటారా అని అడిగింది.

"చెయ్యి బాగాలేని వారాల్లో అన్నయ్య చేస్తాడండీ," అంది మా ఆడపడుచు.

మా ఆయన గర్వంగా తల ఊపారు. ఆవిడ ఆయన వైపు తిరిగింది.

"వెయ్యిమంది ఉంటే మీ సాయం ఏ మూలకో కొట్టుకుపోయేది సార్. మాకున్నది పదకొండు మంది. ఒకరి మార్కులు వంగితే అందరి లెక్కా వంగిపోతుంది."

చెల్లెలు పడాల్సిన ఇబ్బంది అన్న మింగేశాడు కాబట్టి మంచి వారానికీ చెడ్డ వారానికీ తేడా లేకుండా పోయింది. పైగా ఉన్నదే పదకొండు మంది కాబట్టి ఒకరి ఫలితాన్ని మిగతావాళ్ల ఫలితాల ఆసరాతో అంచనా కడతారట. అంటే మా ఆయన మంచితనం పది కొంపల దాకా పాకిందన్నమాట. ఆ వారాలు తీసేసి మళ్లీ మొదలుపెడదామని, ఈసారి ఎవరూ చెయ్యి వేయవద్దని చెప్పి ఆవిడ వెళ్లిపోయింది.

కొత్త విడతలో రెండో వారం కత్తెర పట్టిన వేళ్లు బిగుసుకుపోయాయి. ఆయన లేచారు. నేను వెల్లుల్లి పళ్లెం ఆయన ఒళ్లో పెట్టాను. కళ్లు అటే ఉంచి, రెండు రెబ్బలు ఒలిచి మళ్లీ లేచారు.

మా ఆడపడుచు తలెత్తలేదు. "కూర్చో అన్నయ్యా. నాకు రావాల్సిన మార్కులు నన్ను తెచ్చుకోనీ."

ఒక్కో వేలూ తనంతట తానే విడింది. ఆ సాయంత్రం ఫోన్లో "ఎనిమిది" అని, ఫస్టు క్లాసు వచ్చినంత ఠీవిగా చెప్పింది. ఆయన ముఖం కడుక్కుంటానని లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఏ వారం ఏ మాత్ర వేశారో చివరికి విప్పి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. ఎనిమిదులన్నీ ఉత్త మాత్ర వారాలవే. మందు కొనసాగుతోంది, మిషను కదలలేదు. అవసరం లేకపోయినా మా ఆడపడుచు అప్పుడప్పుడు కత్తెర పట్టుకుని, వదిలి చూసుకుంటుంది.

మా ఆయన మాత్రం మళ్లీ కుర్చీలోకి చేరారు. నా చేతులకి ఏ జబ్బూ లేదు కదా.