ఏడో మలుపులో మోగిన బజర్

వారంలో మూడోసారి అదే దుంగల లారీ మరమ్మతు షెడ్డులోకి వచ్చేసరికి, వెర్నా లిండ్‌క్విస్ట్ బండి కంటే ముందు డ్రైవర్ ఓర్విల్ ముఖాన్ని పరికించి చూసింది.

"మళ్ళీ మోగింది," అన్నాడతను దిగుతూనే. "ఏడో మలుపులో. బ్రేకుల గాలి అరవైకి పడిపోయింది. వెనక ఇరవై అయిదు టన్నుల దుంగలు!"

"సోమవారం చూశాను, బుధవారం చూశాను. నీ బండిలో గాలి ఎక్కడా పోవట్లేదు ఓర్విల్."

"అయితే బజర్ ఊరికే మోగుతోందా?"

వెర్నా ఇరవై ఆరేళ్ళుగా ఈ కూట్నీ కొండల్లో లారీల బ్రేకులు బాగుచేస్తోంది. అబద్ధం చెప్పే బండిని ఆమె చూడలేదు, డ్రైవర్లనైతే బోలెడంతమందిని చూసింది. కిందటి చలికాలం ఓర్విల్ కళ్ళ ముందే ఒక లారీ లోయలోకి జారిపోయింది. అప్పట్నుంచి కాఫీ కప్పు పట్టుకుంటే అతని చేతులు వణుకుతున్నాయి. కొండ దిగాలంటే భయమని చెప్పుకోలేక నెపం బ్రేకుల మీదికి నెడుతున్నాడని ఆమె అనుమానం.

ఓర్విల్ అనుమానం వేరు. బండి కింద వంగి, ముందు చక్రం దగ్గర గాలి గొట్టం బిగించిన నట్టు చూపించాడు. "చూడు, కొత్త గీతలు. ఎవరో పానా పెట్టి తిప్పారు. మధ్యాహ్నం నుంచి ఈ బండి ఎవరి చేతిలో ఉంటుంది? మా బావమరిది డెల్మర్ చేతిలో! బండి మొత్తం తనకే కావాలని ఎప్పట్నుంచో చూస్తున్నాడు."

ఆ గీతలు వెర్నావే. సోమవారం బిగువు చూద్దామని పానా పెట్టింది, షెడ్డు పుస్తకంలో రాయడం మరిచింది. చెబుదామని నోరు తెరిచి కూడా ఆగింది. ఈ కథ ఎంతదూరం వెళ్తుందో చూద్దామనుకుంది.

అది ఎదురుగా ఉన్న హోటల్ దాకా వెళ్ళింది. టిఫిన్ తింటున్న పదిమంది డ్రైవర్ల ముందు ఓర్విల్ ఆ మాట అనేశాడు. గంట తిరక్కుండా ఓర్విల్ వెనకే డెల్మర్ షెడ్డులోకి దూసుకొచ్చాడు.

"నేను బ్రేకులు పాడుచేశానా బావా? మా అక్క మొగుణ్ణి చంపుకుంటానా?"

"నువ్వు తోలేది మిల్లు నుంచి రైల్వే గూడ్స్ యార్డు దాకా. బల్లపరుపు దారి. నీకు పోయేదేముంది?"

"అరుపులు చాలు," అంది వెర్నా. చక్రాల కింద దిమ్మలు పెట్టి, ట్యాంకుల నిండా గాలి ఎక్కించి ఇంజను ఆపింది. "డెల్మర్, ఎక్కి బ్రేకు తొక్కిపట్టు."

గాలి మీటరు ముల్లు కదల్లేదు. గొట్టాల కీళ్ళన్నిటికీ సబ్బునీళ్ళు రాసింది. ఒక్క బుడగ లేవలేదు.

"గాలి పోయేది బండిలో కాదు, మా బావ గుండెలో!" అని డెల్మర్ పైనుంచి నవ్వాడు.

ఓర్విల్ దొరికిపోయినవాడిలా లేడు, నమ్మేవాళ్ళు లేనివాడిలా నిలబడ్డాడు. అది చూసి వెర్నా మొదటిసారి తన అనుమానాన్నే అనుమానించింది.

"ఏడో మలుపు ఎటు తిరుగుతుంది?"

"ఎడమకి. స్టీరింగ్ చివరిదాకా తిప్పాలి. మిగతా ఏ మలుపులోనూ అంత అక్కర్లేదు."

ఆమె చక్రాల వైపు చూసింది. మూడుసార్లూ షెడ్డులో చక్రాలు తిన్నగానే ఉన్నాయి.

"డెల్మర్, ఇంజను వేసి స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పు. ఇంజను ఆపి మళ్ళీ తొక్కు."

బుస్సుమంది. సబ్బునీళ్ళు ఎగిరి ఆమె ముఖాన పడ్డాయి. చక్రం తిరిగినప్పుడు కుడివైపు రబ్బరు గొట్టం సాగి, అడుగున కనబడని పగులు నోరు తెరుస్తోంది. చక్రం తిన్నగా ఉంటే మూసుకుపోతోంది. డెల్మర్ కళ్ళ ముందే ముల్లు గబగబా దిగింది. అతని నవ్వు ఆగిపోయింది.

"ఇలాంటి బండిలో నువ్వు మూడుసార్లు కొండ దిగావా బావా?" అన్నాడు గొంతు తగ్గించి.

వెర్నా ముఖం తుడుచుకుంది. "ఆ నట్టు మీద గీతలు నావి. సోమవారమే."

ఓర్విల్ ఆమె వైపు తిరిగాడు. "తెలిసీ నన్ను హోటల్‌కి వెళ్ళనిచ్చావా?"

"నువ్వు అబద్ధమాడుతున్నావనుకున్నాను. తప్పు నాదే."

"ఎవరి తప్పైనా సరే," అన్నాడు డెల్మర్ బండి దిగి బావతో, "పొద్దున ఎంత గట్టిగా అన్నావో, రేపు ఆ పదిమంది ముందూ అంత గట్టిగానే చెప్పాలి."

మర్నాడు ఓర్విల్ హోటల్లో నిలబడి చెప్పాడు. అతని వెంటే వెర్నా కూడా లేచి తన సంగతి చెప్పింది. డెల్మర్ తల ఊపాడే గాని బావతో మాట్లాడలేదు. మరో రెండు వారాలు అక్క ఇంటికి భోజనానికీ వెళ్ళలేదు.

కొత్త గొట్టం వేశాక మొదటి లోడుకి వెర్నా తనే పక్క సీట్లో కూర్చుంది. ఏడో మలుపులో స్టీరింగ్ చివరిదాకా తిరిగింది. ముల్లు నూరు దాటే ఉంది.

"చేతులు ఇంకా వణుకుతున్నాయేం?" అంది ఆమె.

"భయం," అన్నాడు ఓర్విల్ దారి మీంచి చూపు తిప్పకుండా. "లేదని నేనెప్పుడన్నాను?"