గోవిందమ్మ గీసిన గది

పుంగనూరులో గోవిందమ్మ కొన్న పాత పెంకుటింటికి కింద రెండే గదులు, పైన పలకల అటక. ఇల్లు అమ్మిన రైతు ఆ అటకమీద వేరుశనగ బస్తాలు వేసుకునేవాడు.

1999లో ఆమె కూతురు వసుధకు కుప్పం బడి నుంచి పుంగనూరుకు బదిలీ అయింది. పుస్తకాలు పెట్టుకోవడానికీ, పిల్లల పేపర్లు దిద్దుకోవడానికీ తనకొక గది కావాలని, బాడుగ ఇల్లు చూసుకుంటానంది.

గోవిందమ్మ తలెత్తి పైకి చూసింది. "బాడుగ యాల? పైన గది ఉండాదే!"

ఆమె బడికి పోలేదు. ఇరవై రెండేళ్లు పుంగనూరులో, మదనపల్లెలో ఇళ్లు కట్టేచోట సిమెంటు మోసింది. మోస్తూనే అన్నీ గమనించింది.

ఆ ఆదివారం నిచ్చెన వేసుకుని అటకెక్కింది. నడుమ నిలబడితే తలమీద ఇంకో మూరెడు ఖాళీ. అంచులకు పోతే వంగాల్సిందే. కిందికి దిగి బొగ్గుతో వాకిట్లో గది గీసింది. మంచం కప్పు వంగే పల్లపువైపు, పడుకునేవాళ్లకు ఎత్తుతో పనేముంది? బల్ల నడుమ. పక్కగోడకు కిటికీ. వెలుగుకు రెండు అద్దం పెంకులు.

ఏళ్ల తరబడి తను ఎవరి కింద పనిచేసిందో ఆ మేస్త్రీ రెడ్డెప్పనే పిలిపించింది. ఆయన ఆ గీతలు చూసి నవ్వాడు.

"ఏందమ్మా, ముగ్గేసినావా?"

"ప్లానప్పా."

"దూలాలు తట్టుకుంటాయా?"

"ఇరవై శెనక్కాయ మూటలు మోసినాయి, నా బిడ్డను మొయ్యవా? అయినా అన్నిట్నీ ఉలితో గుచ్చి సూసినా. ఒకదానికే చెద పట్టుండాది. దాన్ని మార్సాల."

రెడ్డెప్ప నవ్వు ఆపాడు. కానీ మెట్ల దగ్గర పేచీ వచ్చింది. వీధిగోడ వారగా వేస్తే స్థలం కలిసొస్తుందని ఆయన, రెండు గదుల నడిమిగోడ వెంబడే వెయ్యాలని ఆమె.

గోవిందమ్మ వాదించలేదు. వీధిగోడ వైపు అటక పలకలు నాలుగు తీయించి, అక్కడే నిచ్చెన ఆనించింది. "ఎక్కి సూడప్పా."

ఆయన గబగబా ఎక్కి, పైన నడుము ఎత్తబోయాడు. పెంకుల కిందున్న వాసం తలకు ఠక్కుమని తగిలింది. మాడు రుద్దుకుంటూ కిందికి చూశాడు.

"నడిమిగోడ వెంబడి వస్తే కప్పు ఎత్తుగా ఉండే కాడ తేలతామప్పా," అంది ఆమె కిందినుంచి మెల్లగా.

"నువ్వు చెప్పినట్టే కానీలేమ్మా," అన్నాడు రెడ్డెప్ప.

ఆ నెలంతా ఆమె తట్ట ముట్టలేదు. "ఈ పొద్దు ఏం చెయ్యమంటావు?" అని మేస్త్రీ పొద్దున్నే వచ్చి అడుగుతుంటే మొదటి రెండు రోజులు సిగ్గుపడింది. మూడోనాటికి, కిటికీ చట్రం రెండు వేళ్లు కిందికి దిగిందని పీకించి మళ్లీ పెట్టించింది.

గది తయారయ్యాక వసుధ బడి హెడ్మాస్టరు గోపాలస్వామి చూడవచ్చాడు. మెట్లెక్కి, గదంతా తిరిగి, అద్దం పెంకుల వెలుగులో చెయ్యి చాపి చూసుకున్నాడు.

"ఏ ఇంజనీరు చేత గీయించినారమ్మా?"

"మా అమ్మ సార్," అంది వసుధ. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతు ఒక మెట్టు పైకి లేచింది.

గోపాలస్వామి గోవిందమ్మ వైపు తిరిగి, "మా ఇంట్లోనూ ఇట్లాంటి అటకే ఉండాదమ్మా. ఒకసారి వచ్చి చూస్తారా?" అన్నాడు.

ఇన్నేళ్లలో పెద్దమనిషి ఎవరూ ఆమెను 'మీరు' అని పిలవలేదు. గోవిందమ్మ కొంగు సర్దుకుని, తల దించకుండా బదులిచ్చింది.

"ఆదివారం వస్తాను సార్. అంతలోపల అటక ఖాళీ చేయించి పెట్టండి."